ఇరవై అయిదు మీటర్ల గొట్టాలు

డిజైన్ విభాగంలో పనిచేస్తున్న ఒక యువ ఇంజనీరు గత మాసం ఈ శీర్షికకు చీటీ పంపారు. "ఆర్యా! 'చెక్‌లిస్ట్' అన్నది ఇంగ్లీషులో ఒకే మాటా, విడివిడిగా రెండు మాటలా, లేక నడుమ హైఫన్ ఉండాలా? మా సెక్షన్‌లో ముగ్గురం మూడు విధాలుగా వ్రాస్తున్నాము. పరిశీలించే అధికారి ముగ్గురివీ దిద్దుతున్నారు. దయచేసి తేల్చి చెప్పగలరు" అని అందులోని విన్నపం.

ప్రశ్న చిన్నదే. అయినా, ఆ హైఫన్ అనే చిన్న గీత మూలంగా ఉద్యోగంలో చేరిన రెండవ ఏటనే సంజాయిషీ వ్రాసుకున్నవాణ్ణి గనుక, దానికి ఒక సంచికను కేటాయించడం న్యాయమే అనుకుంటున్నాను.

1990వ దశకపు మధ్యకాలం. వార్షిక మరమ్మతుల కోసం యూనిట్‌ను ఆపబోతున్నారు. హైడ్రాలిక్ వ్యవస్థలో పాతబడిన రబ్బరు హోసులన్నీ మార్చే పని నాకు అప్పగించారు. ఒక్కొక్కటి అయిదు మీటర్ల పొడవుతో, రెండు కొసలకూ ఫిట్టింగులు బిగించినవి, మొత్తం ఇరవై హోసులు కావాలి. వ్యవధి తక్కువ. అత్యవసర ఇండెంటు వ్రాశాను. సంఖ్య వ్రాయవలసిన గడిలో 'వివరణ ప్రకారం' అని పెట్టి, వివరణలో ఇంగ్లీషున 'ట్వెంటీ ఫైవ్ మీటర్ హోసెస్' అని అక్షరాలలో వ్రాశాను. అంకెలలో కంటె అక్షరాలలో వ్రాస్తే దిద్దుబాటుకు తావుండదని అప్పట్లో నాకెవరో చెప్పారు. సరఫరాదారు 'మీ ఇండెంటు ప్రకారం' అని మొత్తం ధర ఒకటే పేర్కొన్నాడు. కొనుగోలు ఉత్తరువు వెళ్లింది. యూనిట్ ఆపిన మరునాడు పెట్టె వచ్చింది. విప్పి చూస్తే ముచ్చటయిన హోసులు, ఒక్కొక్కటి సరిగ్గా ఒక మీటరు పొడవు, లెక్కకు ఇరవై అయిదు!

సరఫరాదారు తప్పు ఏమీ లేదు. 'ట్వెంటీ'కీ 'ఫైవ్'కూ నడుమ హైఫన్ ఉన్నట్లు భావించి చదివాడు, అంతే. నేను 'ఫైవ్'కూ 'మీటర్'కూ నడుమ ఉన్నట్లు మనసులో భావించి వ్రాశాను. కాగితం మీద రెండు చోట్లా ఏమీ లేదు. ఆ రాత్రి పొరుగు విభాగాలను బతిమాలి తెచ్చుకున్న హోసులతో పని సాగించాము. యూనిట్ తిరిగి నడవడం ఒక షిఫ్టు ఆలస్యమయింది. మా సీనియర్ మేనేజరుగారు నన్ను పిలిచి, ఇండెంటు నకలు ముందుంచి, ఎర్ర పెన్సిలుతో ఒక చిన్న గీత గీశారు. "ఏమయ్యా, ఈ గీతకు సిరా ఎంత ఖర్చవుతుంది?" అని అడిగారు. ఆనాటినుండి ఇంగ్లీషు సమాసాల మీద నాకు శ్రద్ధ కుదిరింది.

సమాసం అన్నమాట మనకు కొత్తది కాదు. రెండు పదాలు కలిసి ఒకే పదంగా నిలిచి కొత్త అర్థాన్ని ఇస్తే అది సమాసం. పాణిని అష్టాధ్యాయిలోని రెండవ అధ్యాయంలో సమాసాలను గూర్చి విస్తారంగా విధించాడు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో సమాసాలకు ఒక పరిచ్ఛేదమే ఉన్నది. ఇంగ్లీషు సమాసాలను వర్గీకరించే పాశ్చాత్య భాషావేత్తలు నేటికీ తత్పురుష, ద్వంద్వ, బహువ్రీహి అన్న సంస్కృత నామాలను యథాతథంగా వాడుతారు. పాఠశాలలో బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరచిపోయిన పేర్లు ఇంగ్లీషు వ్యాకరణ గ్రంథంలో కనబడినప్పుడు, విదేశంలో మన ఊరివాడు ఎదురయినంత సంతోషం కలిగింది నాకు.

ఇంతకూ సమాసం చేసే పని ఏమిటి? విభక్తిని మ్రింగివేయడం. మన కర్మాగారంలో నిత్యం చూసే పంపులనే తీసుకోండి. 'వాటర్ పంప్' నీటిని తోడే పంపు. 'హ్యాండ్ పంప్' చేతిని తోడదు, చేతితో నడుస్తుంది. 'సైకిల్ పంప్' సైకిలు కొరకు ఉద్దేశించినది. 'వాక్యూమ్ పంప్' శూన్యాన్ని తోడిపోయదు, శూన్యాన్ని కలిగిస్తుంది. ఇక మన దేశంలో 'పెట్రోల్ పంప్' అంటే పంపే కాదు, ఆ చోటు, ఆ షెడ్డు, అక్కడి వరుస, అన్నీ కలిసి. అయిదు మాటలకూ కట్టు ఒకటే, లోపలి సంబంధాలు మాత్రం వేరువేరు. 'స్టీమ్ ఇంజన్' ఆవిరితో నడుస్తుంది గదా అని 'ఫైర్ ఇంజన్' మంటతో నడుస్తుందని ఎవరూ అనుకోరు. వస్తువు ముందే తెలిసి ఉండడమే ఇందుకు కారణం. వస్తువు తెలియనివానికి సమాసం విగ్రహవాక్యం చెప్పదు. అత్యవసర ఇండెంటు చదివే సరఫరాదారు అలా తెలియనివాడే.

తత్పురుషాలకు ఇంగ్లీషులో కొదవ లేదు. 'హ్యాండ్‌మేడ్' అంటే చేతితో చేయబడినది, తృతీయా తత్పురుషం. 'స్మోక్-ఫ్రీ' అంటే పొగనుండి విముక్తమయినది, పంచమి. బహువ్రీహికి నాకు నచ్చిన ఉదాహరణ 'పేపర్‌బ్యాక్'. అది కాగితమూ కాదు, వీపూ కాదు. కాగితపు వీపు గలది, అనగా పుస్తకం. 'రెడ్‌హెడ్' ఎర్రని తల కాదు, ఎర్రని జుట్టు గల మనిషి. ద్విగువుకు 'ఫోర్ట్‌నైట్' ఉన్నది: పద్నాలుగు రాత్రులు అన్న మాట కాలక్రమాన అరిగి అలా అయింది. ఉపమాన పూర్వపద కర్మధారయానికి మన వర్క్‌షాపే పాఠశాల. 'వి-బెల్ట్' అంటే 'వి' అక్షరం వంటి అడ్డుకోత గల బెల్టు. 'ఐ-బీమ్', 'యు-బోల్ట్', 'టి-జాయింట్' అన్నీ ఆ కోవలోనివే. 'ఎక్స్-రే' మాత్రం మోసగాడు. ఆ కిరణాలకు 'ఎక్స్' ఆకారం ఏమీ లేదు. 1895లో రాంట్‌జెన్ వాటిని కనుగొన్నప్పుడు స్వభావం తెలియనందున బీజగణితంలోని అవ్యక్తరాశి పేరు పెట్టాడు.

కొన్ని సమాసాలు ఎంతగా కలిసిపోతాయంటే, వాటిని సమాసాలని గుర్తించడమే కష్టం. 'విండో' పాత నార్స్ భాషలో 'గాలి కన్ను'. 'డైసీ' పువ్వు 'పగటి కన్ను'. 'లార్డ్' అన్న ఘనమయిన బిరుదు మొదట 'రొట్టెను కాపాడువాడు' అని అర్థమిచ్చేది. 'కప్‌బోర్డ్'ను కబర్డ్ అని పలుకుతారు, వ్రాతలో మాత్రం 'పి' అక్షరం నిలిచే ఉన్నది. మనం నడు, ఇల్లు కలిపి 'నట్టిల్లు' అన్నప్పుడు పలుకుబడి మార్పును వ్రాతలోనూ చూపుతాము. ఇంగ్లీషువారు సంధి నోటితో చేస్తారు, చేతితో చేయరు.

ఇక వ్రాత సంగతి. ఇంగ్లీషు సమాసానికి మూడు వేషాలున్నవి: విడిగా 'ఐస్ క్రీమ్', హైఫన్‌తో 'మదర్-ఇన్-లా', కలిపి 'బ్లాక్‌బోర్డ్'. విడిగా వ్రాసినంత మాత్రాన సమాసం కాకపోదు. జర్మనులు అన్నిటినీ కలిపే వ్రాస్తారు. గొడ్డుమాంసపు గుర్తింపు చీటీల పర్యవేక్షణకు సంబంధించి వారి ఒక రాష్ట్రం 1999లో చేసిన చట్టం పేరు 63 అక్షరాల ఏకపదం. 2013లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఇంగ్లీషు ఆ జర్మన్‌కు దాయాది భాష. కట్టే పద్ధతి అదే, ఖాళీలు వదలడంలో మాత్రమే తేడా.

కలిపి వ్రాశారా విడిగా వ్రాశారా అన్నది చూడకుండానే సమాసాన్ని గుర్తుపట్టే ఉపాయాలు రెండున్నవి. మొదటిది చెవితో. 'బ్లాక్‌బోర్డ్' సమాసమయినప్పుడు ఊనిక మొదటి భాగం మీద పడుతుంది. కేవలం నల్లగా ఉన్న బల్ల అయితే రెండవ మాట కూడా బలంగా పలుకుతుంది. అమెరికా అధ్యక్షభవనాన్నీ, వీధిలోని తెల్ల ఇంటినీ ఇంగ్లీషువాడు పలుకుబడితోనే వేరుచేస్తాడు. రెండవది 'వెరీ' అన్న మాట చేర్చి చూడడం. నల్లగా ఉన్న బల్లను 'వెరీ బ్లాక్' అనవచ్చు. పాఠశాల నల్లబల్లను అనరాదు. పూర్వపదం తన స్వాతంత్ర్యం కోల్పోయింది గనుక దానికి వేరుగా విశేషణం తగలదు. అందుకే ఆకుపచ్చ రంగు వేసిన నల్లబల్ల ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కూడా నల్లబల్లే.

హైఫన్ అన్న పేరు గ్రీకు మాట. 'ఒకటిగా' అని అర్థం. ప్రాచీన గ్రీకు వ్రాతలలో మాటల మధ్య ఖాళీ విడిచే అలవాటు లేదు. ఏవి కలిపి ఒక మాటగా చదవవలెనో చూపడానికి అక్షరాల క్రింద చిన్న వంపుగీత గీసేవారు. ఆ వంపు తరువాత పైకి వచ్చి తిన్ననయింది. అనగా అది మొదటినుండీ కలిపే గుర్తు, విడదీసే గుర్తు కాదు. చాలామంది దీనిని తలక్రిందులుగా అర్థం చేసుకుంటారు.

సాధారణంగా ఒక సమాసం విడిమాటలుగా పుట్టి, నలిగిన కొద్దీ హైఫన్ తగిలించుకొని, బాగా అలవాటయ్యాక కలిసిపోతుంది. 'టుడే', 'టుమారో' అన్నవాటిని ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ల వరకూ హైఫన్‌తో వ్రాసేవారు. 'ఇ-మెయిల్'ను అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి గ్రంథంలో 2011లో కలిపివేసింది. అన్నీ ఆ దారినే నడుస్తాయనీ లేదు. 2007లో వెలువడిన షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరవ కూర్పు సుమారు 16,000 మాటలనుండి హైఫన్ తీసివేసింది. 'లాగ్‌జామ్', 'పిజన్‌హోల్', 'క్రైబేబీ' కలిసిపోయినవి. 'ఐస్ క్రీమ్', 'టెస్ట్ ట్యూబ్', 'ఫిగ్ లీఫ్' విడిపోయినవి. హైఫన్ ఎక్కడ పెట్టవలెనో జనానికి నిశ్చయం సడలిందనీ, పుటలను తీర్చిదిద్దేవారికి అది కంటికి ఇంపు కాదనీ సంపాదకులు కారణాలు చెప్పారు. నా మటుకు రెండవ కారణం రుచించలేదు. కంటికి ఇంపు కాదని బోల్టుకు వాషర్ తీసివేసేవాణ్ణి ఏమంటాము?

డిజైన్ విభాగపు మిత్రులకు ఇక్కడ సమాధానం దొరికినట్లే. 'చెక్‌లిస్ట్' మూడు వేషాలూ వేసినదే. నేటి నిఘంటువులు కలిపి వ్రాస్తున్నవి. నామవాచకమయిన ఇటువంటి మాటలకు సెక్షన్ అంతా ఒక నిఘంటువును నమ్ముకుంటే చాలును. పొరపాటు వ్రాసినా అర్థం చెడదు. దిద్దే అధికారిగారికి ఈ సంచిక ఒకటి అందజేయండి, నా పేరు చెప్పకుండా.

అర్థం చెడే చోట్లు వేరే ఉన్నవి. మొదటిది మనం రోజూ పలికే 'షట్ డౌన్'. యూనిట్‌ను ఆపివేయుట అన్న క్రియ అయితే రెండు మాటలు విడిగా ఉండవలె. ఆ ఆపుదలకు పేరయితే కలిపి ఒకటే మాట. 'బ్రేక్ డౌన్', 'స్టార్ట్ అప్', 'సెట్ అప్', 'లాగ్ ఇన్' అన్నీ ఇంతే: పని చేస్తున్నప్పుడు విడిగా, పేరయినప్పుడు కలిపిగాని హైఫన్‌తోగాని. నియంత్రణ గది లాగ్‌బుక్కులో ఈ మాట ఆజ్ఞయా, జరిగినదాని నమోదా అన్నది తేలడానికి ఒక్కొక్కప్పుడు ఈ ఖాళీయే ఆధారం.

రెండవది, ఒక మాట రెండుగా విరిగి అర్థం మారిపోయే సందర్భం. 'రిజైన్' అంటే రాజీనామా; 'రి' తరువాత హైఫన్ పెడితే తిరిగి సంతకం చేయడం. 'రికవర్' అంటే కోలుకోవడం. హైఫన్ పెడితే కుర్చీకి కొత్త గుడ్డ వేయించడం. నీటి పరీక్షల నివేదికలలో 'అన్-అయొనైజ్డ్' అమ్మోనియా అని వస్తుంది; అయానుగా విడిపోనిది, చేపలకు ప్రమాదకరమయినది. అందులో హైఫన్ జారిపోతే అక్షరాలు 'యూనియనైజ్డ్' అన్న మాటకు సరిగ్గా సమానమవుతాయి. ప్రభుత్వరంగ సంస్థలో ఆ నివేదిక రసాయన విభాగానికి గాక కార్మిక సంబంధాల విభాగానికి వెళ్లినా ఆశ్చర్యపడనక్కరలేదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యం: రెండు మాటలు కలిసి తరువాతి మాటకు విశేషణమయ్యే చోటు. ఇంగ్లీషు సమాసంలో ప్రధానపదం మన భాషలో వలెనే చివర ఉంటుంది. 'బాయిలర్ ఫీడ్ పంప్ మోటార్ బేరింగ్ టెంపరేచర్ అలారం' అన్న గొలుసును మనవాళ్లు తడబడకుండా అర్థం చేసుకోవడానికి కారణం ఇదే. 'బొగ్గు గని కార్మిక సంక్షేమ సంఘ భవనం' అనే అలవాటు మనకున్నది. తోకనుండి చదువుకుంటూ వస్తే చాలును: అది ఒక అలారం, వేడిమిని గూర్చినది, ఆ వేడిమి బేరింగుది. ఫ్రెంచివారికి ఈ సుఖం లేదు. రైలుమార్గాన్ని వారు 'ఇనుము యొక్క దారి' అని విభక్తి పెట్టి చెప్పుకోవలసిందే.

కానీ గొలుసులో ఏ రెండు లంకెలు ముందు కలిశాయన్నది గొలుసు తనంతట చెప్పదు. 'హెవీ మెటల్ డిటెక్టర్' అంటే భారలోహాలను పసికట్టేదా, బరువయిన లోహశోధకమా? 'ఓల్డ్ ఫర్నిచర్ డీలర్' అంటే పాత సామానులు అమ్మేవాడా, సామానులమ్మే ముసలివాడా? మొదటి రెండు మాటల నడుమ హైఫన్ పెడితే సందేహం పోతుంది. 'హై-ప్రెజర్ లైన్', 'త్రీ-ఫేజ్ మోటార్', 'ఫైవ్-మీటర్ హోస్' అన్నవాటిలో హైఫన్ పని ఇదే. అటువంటప్పుడు 'మీటర్' అన్నది ఏకవచనంలోనే ఉండవలె, ఎన్ని మీటర్లయినా సరే. 'ఫుల్లీ ఆటోమేటిక్' వంటి చోట మొదటి మాట తన రూపంతోనే తరువాతి మాటను పట్టుకొని ఉన్నది గనుక హైఫన్ అనవసరం. అంకె ప్రక్కన ప్రమాణం పేరు గాక గుర్తు వ్రాస్తే అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతి ప్రకారం నడుమ ఖాళీయే ఉండవలె, హైఫన్ కూడదు. పేరును పూర్తిగా వ్రాస్తే ఇంగ్లీషు అలవాటు ప్రకారం హైఫన్ పెట్టవచ్చును.

ఒక్క గీత కోసం ఇంత రభసా అనేవారికి చెకొస్లొవేకియా ఉదంతం చెప్పాలి. అక్కడ కమ్యూనిస్టు పాలన ముగిసిన తరువాత 1990లో దేశానికి కొత్త పేరు పెట్టవలసివచ్చింది. తమ పేరు చెక్కుల పేరులో కరగిపోయి ఉన్నదనీ, నడుమ హైఫన్ కావాలనీ స్లొవాకులు పట్టుబట్టారు. మన పరిభాషలో చెప్పాలంటే ద్వంద్వంలో ఉభయపద ప్రాధాన్యం కోరారు. మార్చిలో చెక్ భాషలో హైఫన్ లేకుండా, స్లొవాక్ భాషలో హైఫన్‌తో అని రాజీ చేశారు. అదీ నిలువక ఏప్రిల్‌లో సమాసాన్నే విప్పి 'చెక్ మరియు స్లొవాక్' అని పేరు మార్చారు. విగ్రహవాక్యం వ్రాసుకున్నారన్నమాట. 1993 జనవరి 1న రెండు దేశాలయినవి. హైఫన్ వల్లనే విడిపోయారని నేననను, అనేక కారణాలున్నవి. పత్రికలు మాత్రం ఆ వివాదాన్ని హైఫన్ యుద్ధమనే పిలిచాయి.

మన దేశపు ఇంగ్లీషు కూడా సమాసాలు కట్టడంలో తీసిపోలేదు. 'లాఠీ-చార్జ్' అన్న మాట సాక్షాత్తు వైరి సమాసమయినా ఇంగ్లీషు నిఘంటువులలో స్థానం సంపాదించింది. మన దక్షిణాదివారి 'కో-బ్రదర్' మరీ ముద్దయినది. తోడల్లుడికి ఇంగ్లీషులో మాట లేకపోతే 'తోడు'ను అనువదించి హైఫన్‌తో అతికించాము. తోటికోడలు 'కో-సిస్టర్' అయింది. లండన్‌లో ఎవరికీ అర్థం కాకపోవచ్చును గాని, రాజమండ్రిలో దాని విగ్రహవాక్యం అందరికీ తెలుసు.

మళ్లీ నా హోసుల దగ్గరకు వస్తాను. సంజాయిషీలో 'ఇంగ్లీషు భాషలోని సందిగ్ధత వలన' అని వ్రాశాను. మా సీనియర్ మేనేజరుగారు ఆ వాక్యం క్రింద కూడా ఎర్ర పెన్సిలు నడిపి, "తెలుగులో చెప్పు చూద్దాం" అన్నారు. 'ఇరవై అయిదు మీటర్ల గొట్టాలు' అన్నాను. అన్నాక గాని తెలియలేదు, తెలుగులోనూ మూడు అర్థాలూ అలాగే ఉన్నవి: మీటరు గొట్టాలు ఇరవై అయిదు, అయిదు మీటర్ల గొట్టాలు ఇరవై, ఇరవై అయిదు మీటర్ల గొట్టాలు ఎన్నో తెలియదు. నోటితో చెబితే ఎక్కడ ఆగుతామో దానిని బట్టి తేలుతుంది; కాగితం మీద తేలదు. ఆ ప్రక్కనే నిలబడి ఉన్న మా ఫోర్‌మన్‌గారు, వారికి ఇంగ్లీషు అంతంతమాత్రమే, "అదేమిటండీ, అయిదేసి మీటర్ల గొట్టాలు ఇరవై అంటే సరిపోదా?" అన్నారు. 'ఏసి' అన్న ఆ చిన్న ప్రత్యయం ఒక్కొక్కటీ అయిదు మీటర్లని నిర్ధారిస్తుంది. ప్రధానపదం తరువాత సంఖ్య రావడంతో ముడి పూర్తిగా విడిపోయింది. హైఫన్ అక్కరలేదు, కామా అక్కరలేదు. అప్పటినుండి నా ఇండెంట్లన్నిటిలో ముందు వస్తువు, తరువాత పొడవు, చివర సంఖ్య వేరు వేరు వరుసలలో వ్రాస్తున్నాను. సంఖ్య గడిలో 'వివరణ ప్రకారం' అన్నది మళ్లీ ఎన్నడూ వ్రాయలేదు.

ఆ ఇరవై అయిదు హోసులు వృథా కాలేదని చెప్పి ముగిస్తాను. పరీక్షా బల్లల మీద చిన్న చిన్న అవసరాలకు రెండేళ్లపాటు పనికివచ్చాయి. స్టోర్స్‌వారు వాటికి 'సారు గొట్టాలు' అని పేరు పెట్టారు. అది సారు యొక్క గొట్టాలు అని షష్ఠీ తత్పురుషమో, సారు వలన వచ్చిపడిన గొట్టాలు అని పంచమీ తత్పురుషమో నేను అడగలేదు, వారు చెప్పలేదు.